రెండు తీరాల నడుమ ఒక కుంచె: అమృతా షేర్-గిల్ జీవితం, కళ



డెబ్బై అయిదు వసంతాల వేడుకను మహారాష్ట్రంలో అమృత మహోత్సవం అంటారు. అమృతోత్సవం జరుపుకుంటున్న ఈ పాఠశాల ప్రాంగణంలో అమృత అనే పేరు గల ఒక చిత్రకారిణిని స్మరించుకోవడం సముచితమే. పేరులోని పోలిక కాకతాళీయం. ఆమెను ఇక్కడ తలచుకోవడానికి అంతకంటె బలమైన కారణం ఒకటి ఉన్నది. ఈ పాఠశాల పిల్లలు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందీ, పై చదువులలో ఇంగ్లీషు వింటూ పెరుగుతున్నారు. సెలవులకు తాతగారి ఊరికి వెళితే అక్కడివారు “మీరు మహారాష్ట్రం వాళ్లు” అంటారు. తిరిగి వస్తే ఇక్కడివారు “మీరు ఆంధ్రం వాళ్లు” అంటారు. ఇంతకూ మనం ఎవరము అనే ప్రశ్న ఈ బడిలో చదివిన ప్రతి తరానికీ ఎదురైనదే. అమృతా షేర్-గిల్ కు ఆ ప్రశ్న పుట్టుకతోనే ఎదురైంది. ఆమె దానికి మాటలతో కాక తన పనితో సమాధానం చెప్పింది. ఆ సమాధానం ఏమిటో తెలుసుకోవడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

అమృత 1913 జనవరి 30న హంగరీ దేశ రాజధాని బుడాపెస్ట్ నగరంలో జన్మించింది. తండ్రి ఉమ్రావ్ సింగ్ షేర్-గిల్ పంజాబులోని మజీఠియా వంశానికి చెందిన సిక్కు ప్రభువు. సంస్కృత పారసీక భాషలలో పండితుడు, ఛాయాచిత్రకళను తపస్సుగా సాధించినవాడు. తల్లి మరీ ఆంత్వానెత్ హంగరీ వనిత, సంగీత విదుషీమణి. మహారాజా రంజిత్ సింగ్ మనుమరాలు బాంబా వెంట లాహోరు వచ్చినప్పుడు ఆమెకు ఉమ్రావ్ సింగ్ తో పరిచయమైంది. 1912లో వారి వివాహం జరిగింది. మరుసటి సంవత్సరం అమృత, ఆ మరుసటి సంవత్సరం చెల్లెలు ఇందిర పుట్టారు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఆ కుటుంబం హంగరీలోనే నిలిచిపోవలసి వచ్చింది. అందుచేత అమృత తొలి పలుకులు హంగరీ పలుకులు, ఆమె విన్న తొలి కథలు హంగరీ పల్లెల కథలు. అక్షరాలు దిద్దే వయస్సులోనే ఆ కథలకు రంగు పెన్సిళ్లతో బొమ్మలు వేయడం ఆమెకు ఆట.

1921లో షేర్-గిల్ కుటుంబం భారతదేశానికి వచ్చి సిమ్లాలో స్థిరపడింది. ఎనిమిదేళ్ల బాలికకు దేశం కొత్త, భాష కొత్త, వాతావరణం కొత్త. తల్లి ఆమెకు చిత్రలేఖనంతో పాటు పియానో కూడా నేర్పించింది. అక్కచెల్లెళ్లిద్దరూ సిమ్లా గెయిటీ థియేటరులో కచేరీలు చేశారు. 1924లో కూతురి ప్రతిభను గమనించిన తల్లి ఆమెను ఇటలీలోని ఫ్లారెన్సు నగరానికి తీసుకొని వెళ్లి అక్కడి పాఠశాలలో చేర్పించింది. అక్కడి కట్టుబాట్లు ఆ పిల్లకు సరిపడలేదు. కొద్ది నెలలలోనే తిరిగి రావలసి వచ్చింది. సిమ్లా కాన్వెంటులోనూ ఆమె తనకు దేవునిపై నమ్మకం లేదని బాహాటంగా చెప్పి బడి నుండి వెళ్లగొట్టించుకున్నది. బడికి సరిపడని పిల్లలంతా మేధావులని దీని అర్థం కాదు. ఒక్కొక్క బిడ్డ మనసు తెరుచుకొనే ద్వారం ఒక్కొక్క చోట ఉంటుందని మాత్రం ఉపాధ్యాయులు దీని నుండి గ్రహించవచ్చు.

అమృతకు ఆ ద్వారాన్ని చూపినవాడు మేనమామ ఎర్విన్ బాక్తాయ్. ఆయన చిత్రకళ నేర్చిన భారతీయ విద్యా పండితుడు. 1926లో భారతదేశానికి వచ్చినప్పుడు మేనకోడలి బొమ్మలను చూసి ఆమెకు ఒకే ఒక సలహా ఇచ్చాడు. ఊహలో నుండి అందమైన బొమ్మలు గీయడం మానుకొని, ఎదుట కూర్చున్న మనిషిని చూసి గీయమన్నాడు. అప్పటినుండి ఇంటిలోని పనివారు, బంధువులు, చుట్టుపక్కలవారు ఆమె ఎదుట కూర్చోవడం మొదలైంది. ముఖంలో కన్ను ఎక్కడ కుదురుకుంటుంది, అలసిన భుజం ఎలా వాలుతుంది, చేతులు ఊరికే ఉన్నప్పుడు ఎలా ఉంటాయి అనే విషయాలను ఆ బాలిక గంటల తరబడి పరిశీలించింది. పుస్తకంలోని బొమ్మను చూసి గీసేవారు మరొకరి చూపును అరువు తెచ్చుకుంటారు. మనిషిని చూసి గీసేవారికి తమ చూపు తమకు దక్కుతుంది.

1929లో, పదహారేళ్ల వయసులో, ఆమె చిత్రకళాభ్యాసం కోసం కుటుంబం పారిస్ నగరానికి తరలిపోయింది. మొదట గ్రాండ్ షోమియేర్ అకాడమీలో పియేర్ వయాఁ వద్ద, తరువాత ప్రసిద్ధమైన ఎకోల్ దె బోజార్ లో లూసియెన్ సిమోన్ వద్ద ఆమె శిక్షణ పొందింది. అక్కడి చదువు కఠినమైనది. మానవ శరీర నిర్మాణం, వెలుగునీడల పొందిక, తైలవర్ణాలను పొరలు పొరలుగా పూయడం, కాన్వాసు మీద బరువును తూకం వేసినట్లు సరిచూసుకోవడం అన్నీ క్రమంగా అభ్యసించవలసినవే. సెజాన్, గోగాఁ చిత్రాలు ఆమెను ఎంతగానో ఆకర్షించాయి. సెజాన్ వలన రూపాన్ని దృఢంగా, నిర్మాణంగా చూడడం అలవడింది. గోగాఁ వలన విశాలమైన రంగుల క్షేత్రాలలో మనుష్యులను నిలపడం అలవడింది.

1932లో ఆమె చిత్రించిన ‘యువతులు’ అనే తైలవర్ణ చిత్రం ఆమెకు కీర్తిని తెచ్చిపెట్టింది. ఆ చిత్రంలో ఇద్దరు యువతులు ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. వారిలో ఒకరికి నమూనాగా కూర్చున్నది చెల్లెలు ఇందిర. పారిస్ గ్రాండ్ సలోన్ ఆ చిత్రానికి స్వర్ణపతకం ఇచ్చింది. 1933లో అమృతను తన అసోసియేటుగా ఎన్నుకున్నది. అప్పటికి ఆమె వయస్సు ఇరవై ఏళ్లు. పారిస్ లోనే స్థిరపడితే గౌరవానికి గాని, సదుపాయానికి గాని లోటు లేని స్థితి అది.

అయినా ఆమె మనసు అక్కడ నిలవలేదు. ఆమె రంగులలోని గాఢతకు పశ్చిమ దేశపు బూడిదవన్నె వెలుగు చాలదని, తూర్పు దేశపు ఎండలోనే ఆమె కళకు తగిన తావు దొరుకుతుందని గురువొకరు సూచించారు. 1934లో తల్లిదండ్రులకు వ్రాసిన లేఖలో ఆమె ఒక చిత్రమైన విషయం తెలియజేసింది. ఐరోపాలోని ఆధునిక కళను అర్థం చేసుకున్న తరువాతనే తనకు భారతీయ కళ అర్థమైందని, అజంతా కుడ్యచిత్రం ఒక్కటైనా, పారిస్ లోని గిమె మ్యూజియంలో ఉన్న ఒక చిన్న శిల్పమైనా పునరుజ్జీవన కాలపు కళాసంపదకు మించినదని తనకు తోచిందని ఆ లేఖ సారాంశం. ఇది పరాయిదాన్ని తూలనాడి సొంతదాన్ని పొగిడే మాట కాదు. పరాయిదాన్ని శ్రద్ధగా అభ్యసించినందువలన సొంతదాన్ని చూడగల కన్ను ఆమెకు వచ్చింది. ఒక భాషను బాగా నేర్చినవారికే మరొక భాషలోని సొగసు తెలుస్తుందని భాషోపాధ్యాయులు చెప్పే మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఆమె తిరిగి వచ్చేనాటికి భారతీయ చిత్రకళలో రెండు మార్గాలు ప్రబలంగా ఉండేవి. రాజా రవివర్మ పాశ్చాత్య తైలవర్ణ పద్ధతిలో పురాణ పాత్రలను చిత్రించాడు. 1906లో ఆయన మరణించిన తరువాత కూడా అచ్చుబొమ్మల రూపంలో ఆ చిత్రాలు ఇంటింటి గోడల మీద నిలిచి ఉన్నాయి. రెండవది అవనీంద్రనాథ ఠాకూరు ఆధ్వర్యంలో వికసించిన వంగ చిత్రకళా సంప్రదాయం. అది పాశ్చాత్య అనుకరణను వదలి, మొగలు, రాజపుత్ర, అజంతా రీతుల వైపు మళ్లింది. లేత వర్ణాలతో, సుకుమారమైన రేఖలతో పూర్వవైభవాన్ని తలపించింది. అమృతకు ఈ రెండు మార్గాలూ తృప్తినివ్వలేదు. చిత్రం ఒక కథకు బొమ్మగా మిగిలిపోకూడదని, రేఖ, వర్ణం, కూర్పు తమంత తాముగా మాట్లాడాలని ఆమె వాదం. ఆ వాదంలో యౌవనపు దుడుకు ఉన్నమాట నిజం. రవివర్మకు గాని, వంగ చిత్రకారులకు గాని ఆమె చేసిన విమర్శలన్నీ న్యాయమైనవని చెప్పలేము. వారు వేసిన బాట లేకపోతే ఆమె నడకకు తావే ఉండేది కాదు.

1934 చివర ఆమె స్వదేశం చేరుకున్నది. మరుసటి సంవత్సరం సిమ్లాలో ‘మదర్ ఇండియా’, ‘కొండజాతి పురుషులు’, ‘కొండజాతి స్త్రీలు’ అనే చిత్రాలను చిత్రించింది. సన్నగా, పొడవుగా, గంభీరంగా నిలబడిన ఆ మనుష్యులు ఎవరినీ ఆకట్టుకోవాలని నవ్వరు, ఎవరి జాలినీ కోరరు. అంతవరకు సిమ్లాలో చిత్రకారులు గీసినవి ఎక్కువగా మంచుకొండలు, దేవదారు వృక్షాలు, రంగురంగుల సంతలు. ఆ కొండలలో బరువులు మోసే మనుష్యులకు కాన్వాసు మీద అంతటి నిలువెత్తు గౌరవం దక్కడం కొత్త విషయం.

అదే 1935 నాటి ‘ముగ్గురు బాలికలు’ అనే చిత్రం మరీ ప్రసిద్ధమైంది. ఎరుపు, ఆకుపచ్చ, నారింజ వర్ణాల దుస్తులలో ముగ్గురు ఆడపిల్లలు దగ్గర దగ్గరగా కూర్చుని ఉంటారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. కన్నులు దించుకొని, తమ చేతిలో లేని ఏదో నిర్ణయం కోసం ఎదురు చూస్తున్నట్లు ఉంటారు. దుస్తుల రంగులు ఎంత ఉజ్జ్వలంగా ఉంటాయో ముఖాలు అంత మౌనంగా ఉంటాయి. పెండ్లి మాట ఇంటిలో మెదలుతూ ఉండగా మూలగదిలో కూర్చున్న ఆడపిల్లను చూసినవారికి ఆ మౌనం అర్థం వివరించనక్కరలేదు. 1937లో బాంబే ఆర్ట్ సొసైటీ ప్రదర్శనలో ఈ చిత్రానికి స్వర్ణపతకం లభించింది.

దానికి రెండేళ్ల ముందు సిమ్లాలో జరిగినది వేరు. అక్కడి కళాసంఘం 1935 ప్రదర్శనకు ఆమె పంపిన చిత్రాలలో కొన్నింటిని నిరాకరించి, ఒకదానికి బహుమతి ప్రకటించింది. అమృత ఆ బహుమతిని తిప్పి పంపింది. తన కొత్త చూపును వద్దన్నవారు పాత నేర్పును మెచ్చుకోవడం ఆమెకు రుచించలేదు. ఇరవై రెండేళ్ల వయసులో, బయట ఇంకా పేరు స్థిరపడక ముందే, వచ్చిన బహుమతిని వద్దనడానికి చాలా గుండెధైర్యం కావాలి.

1936 చివర ఆమె దక్షిణాపథ యాత్రకు బయలుదేరింది. ఉకీల్ సోదరులనే చిత్రకారులతో కలిసి బొంబాయిలో ప్రదర్శన జరిగింది. అక్కడ కార్ల్ ఖండాలావాలా అనే న్యాయవాది, కళావిమర్శకుడు ఆమెకు పరిచయమై రాజపుత్ర, పహాడీ సూక్ష్మచిత్రాల లోతులను చూపించాడు. ఆ పరిచయం జీవితాంతం నిలిచిన స్నేహమైంది. బొంబాయి నుండి ఆమె ఎల్లోరా, అజంతా గుహలకు వెళ్లింది.

ఈ సభలో చాలామంది అజంతాను చూసే ఉంటారు. నేడు మహారాష్ట్రంలో ఉన్న ఆ కొండలోయ 1936లో హైదరాబాదు సంస్థానంలోనిది. వాఘూర్ నది వంపు వెంట సుమారు ముప్పై గుహలు గుర్రపు నాడా ఆకారంలో తొలిచి ఉన్నాయి. వాటిలో 9, 10 సంఖ్యల గుహలలోని ప్రాచీనమైన పొరలు శాతవాహనుల కాలానివి. తరువాతి చిత్రాలలో అధికభాగం అయిదవ శతాబ్దికి చెందిన వాకాటకుల నాటివి. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ ఆధ్వర్యంలో ఈ చిత్రాల సంరక్షణ జరిగింది. 1930 నుండి ఆయన అజంతా సంపుటాలు వెలువడసాగాయి. ఆంధ్రుల చరిత్రకు, మహారాష్ట్రుల చరిత్రకు గోడ కట్టాలనుకునేవారు అజంతా లోయలో కాసేపు నిలబడితే ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది.

అజంతా గోడల ముందు అమృత ఒక విద్యార్థినిగా నిలబడింది. స్వదేశానికి వచ్చిన తరువాత ఇతరుల కృతి నుండి తాను నేర్చుకున్నది ఇక్కడే మొదటిసారి అని ఆమె లేఖలో వ్రాసుకున్నది. ఏమి నేర్చుకున్నది? గుంపుగా ఉన్న మనుష్యులను ఒకే ఊపిరితో కలిపి ఉంచే కూర్పును నేర్చుకున్నది. గోధుమ, కావి, ఇటుక వర్ణాల శరీరాలను వాటి వర్ణంలోనే వెలిగించడం నేర్చుకున్నది. నీడలను ఎక్కువగా నింపకుండానే రేఖతో బరువును చూపడం నేర్చుకున్నది. నల్లని మేనికి కాంతి లేదనుకునే వారి కన్ను అజంతాలో తెరుచుకోవాలి.

అక్కడి నుండి ఆమె హైదరాబాదు నగరానికి వచ్చింది. అక్కడ ఆమె చిత్రాల ప్రదర్శన జరిగింది. కళావస్తు సేకరణలో దేశమంతటా పేరుపొందిన నవాబు సాలార్ జంగ్ ఆమె చిత్రాలు రెండింటిని పరిశీలన కోసం తెప్పించుకున్నాడు. ఆమె మాత్రం ఆయన సేకరణలోని పాశ్చాత్య చిత్రాల పట్ల తన అభిప్రాయాన్ని దాచుకోలేదు. ఆ రెండు చిత్రాలూ కొనుగోలు కాకుండానే తిరిగి వచ్చాయి. తరువాత తిరువనంతపురంలోనూ ఆమె ఆశించిన ఆదరణ లభించలేదు. అయితే కొచ్చిన్ లోని మట్టాంచేరి రాజప్రాసాదం గోడల మీది చిత్రాలు ఆమెను కట్టిపడేశాయి. రోజుల తరబడి వాటి ఎదుట కూర్చుని ఆమె ప్రతులు వ్రాసుకున్నది. కన్యాకుమారిలో ‘పండ్లు అమ్మేవారు’ అనే చిత్రాన్ని చిత్రించింది. యాత్రలో డబ్బు చేతికి రాలేదు గాని చూపు సంపన్నమైంది.

సిమ్లాకు తిరిగి వచ్చిన తరువాత, 1937లో, ఆమె వరుసగా మూడు పెద్ద కాన్వాసులను పూర్తి చేసింది. అవే ‘వధువు అలంకరణ’, ‘బ్రహ్మచారులు’, ‘సంతకు వెళ్తున్న దక్షిణాది గ్రామస్థులు’. మొదటి చిత్రంలో పెండ్లికూతురు నడుమ కూర్చుని ఉంటుంది. గోరింట పండిన అరచేతులు, చుట్టూ శ్యామవర్ణపు స్త్రీలు, పిల్లలు. పెండ్లి సందడి ఏదీ వినిపించదు. రెండవ చిత్రంలో తెల్లని ధోవతులతో, యజ్ఞోపవీతాలతో కూర్చున్న యువకులు ఉంటారు. ఆ ధోవతుల తెలుపు ఒకే తెలుపు కాదు. నీలి ఛాయ గల తెలుపు, పసుపు మెరిసే తెలుపు, బూడిద కలిసిన తెలుపు. ఒక్క రంగులో ఎన్ని రంగులుంటాయో తెలుసుకోవాలనుకునే పిల్లలు ఈ చిత్రాన్ని శ్రద్ధగా చూడాలి. మూడవ చిత్రంలో సంతకు కదిలే గ్రామీణులు అజంతా గోడమీది పరివారం నేలకు దిగి నడుస్తున్నట్లు కనిపిస్తారు. పారిస్ లో నేర్చిన తైలవర్ణ విద్య, అజంతాలో చూసిన కూర్పు, దక్షిణదేశపు దారులలో ఎదురైన మనుష్యులు ఈ మూడింటిలోనూ ఏకమై నిలిచారు.

ఈ కాలంలోనే ఆమె ఒక లేఖలో తన నిశ్చయాన్ని వెల్లడించింది. ఐరోపా పికాసో, మాటిస్, బ్రాక్ వంటి పలువురి సొత్తు అని, భారతదేశం మాత్రం తన ఒక్కదానిదని ఆమె ఉద్దేశం. వినడానికి ఇది అహంకారంగా తోచవచ్చు. ఆలోచిస్తే ఇందులో ఒక బాధ్యత కనిపిస్తుంది. హంగరీలో పుట్టి, పారిస్ లో చదివిన స్త్రీని భారతీయురాలిగా ఒప్పుకోవడానికి ఇక్కడ చాలామంది సందేహించారు. జన్మపత్రిక చూపి దేశాన్ని తనదనిపించుకునే వీలు ఆమెకు లేదు. అందువలన చూసి, చిత్రించి, శ్రమించి తనదనిపించుకున్నది.

ఆమెపై వచ్చిన విమర్శను కూడా చెప్పుకోవాలి. ప్రభువుల ఇంటి బిడ్డ పేదల దుఃఖాన్ని దూరం నుండి చూసిందని, ఆ మనుష్యులు మరీ నిశ్చలంగా, విధికి తలవంచినట్లుగా ఉన్నారని కొందరు అన్నారు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. ఆమె పనివారి పక్కన కూర్చుని వారి పాటలు పాడిన మనిషి కాదు. ఆమె లేఖలలో ఎక్కువ భాగం ఇంగ్లీషులో, హంగరీ భాషలో ఉన్నాయి. ఆమె చిత్రాలలోని స్త్రీలు మాట్లాడరు. వారి మౌనాన్ని ఆమె నిజాయితీగా చిత్రించింది. వారి మాటలను వినిపించే పని తరువాతివారికి మిగిలింది. ఆ మాటలు ఇంట్లోనే పుట్టి పెరుగుతున్న పిల్లలకు, అవ్వ చెప్పే సామెతను అవ్వ భాషలోనే వినగల పిల్లలకు, అమృతకు లేని ఒక భాగ్యం ఉన్నది. దాన్ని తేలికగా పోగొట్టుకోరాదు.

1938లో ఆమె హంగరీ వెళ్లి, తల్లి వైపు బంధువైన వైద్యుడు విక్టర్ ఈగన్ ను వివాహమాడింది. మరుసటి సంవత్సరం దంపతులిద్దరూ భారతదేశానికి తిరిగి వచ్చారు. గోరఖ్ పూర్ జిల్లాలోని సరయా అనే పల్లెలో మజీఠియా వంశీయుల చక్కెర కర్మాగారం ఉండేది. విక్టర్ అక్కడ వైద్యుడిగా పనిచేశాడు. అక్కడి మామిడితోటలు, ఏనుగులు, మంచాల మీద వాలిన స్త్రీలు, ఉయ్యాలలు ఆమె చిత్రాలలోకి వచ్చాయి. ‘ప్రాచీన కథకుడు’, ‘ఉయ్యాల’ వంటి 1940 నాటి చిత్రాలలో రాజపుత్ర సూక్ష్మచిత్రాల ప్రభావం స్పష్టంగా తెలుస్తుంది. మనుష్యులు చిన్నవారయ్యారు, వర్ణాలు మరింత చిక్కనయ్యాయి. కళాచర్చ చేసే మిత్రులు లేని ఆ పల్లెలో ఆమె ఒంటరితనాన్ని, నిరుత్సాహాన్ని కూడా అనుభవించింది. ప్రదర్శనలలో ప్రశంసలు వచ్చేవి, కొనేవారు మాత్రం తక్కువ.

1941 సెప్టెంబరులో దంపతులు లాహోరుకు మారారు. ఆ నగరంలోని రచయితలు, కళాభిమానుల సాంగత్యం ఆమెకు మళ్లీ ఉత్సాహాన్నిచ్చింది. డిసెంబరులో పెద్ద ప్రదర్శనకు ఏర్పాట్లు సాగుతున్నాయి. అంతలో కొద్దిరోజుల అనారోగ్యంతో డిసెంబరు 5న ఆమె కన్నుమూసింది. అప్పటికి ఆమె వయస్సు ఇరవై ఎనిమిది సంవత్సరాలు. రావీ నదీతీరంలో అంత్యక్రియలు జరిగాయి. ఇంటి పైభాగం నుండి కనిపించే పెరళ్లను, గేదెలను, పాలవాళ్లను చిత్రిస్తున్న కాన్వాసు ఒకటి అసంపూర్ణంగా మిగిలిపోయింది. ఆ కడపటి చిత్రంలో మనుష్యుల రూపురేఖలు దాదాపు కరిగిపోయి రంగులుగా మారుతున్నాయి. ఆమె నడక మరో మలుపు తిరగబోతున్న వేళ కుంచె ఆగిపోయింది.

ఆమె వదిలి వెళ్లిన చిత్రాలు సుమారు 170. భర్త, తండ్రి వాటిలో అధిక భాగాన్ని జాతికి సమర్పించారు. 1954లో ఢిల్లీలో జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల ప్రారంభమైనప్పుడు ఆ చిత్రాలు దానికి ముఖ్యమైన సంపద అయ్యాయి. 1972 నాటి ప్రాచీన వస్తు, కళానిధుల చట్టం క్రింద 1976లో ఆమె కృతులు జాతీయ కళానిధులుగా ప్రకటింపబడ్డాయి. దేశంలో ఉన్న ఆమె చిత్రాన్ని ఎవరు కొన్నా విదేశాలకు తరలించే వీలు లేదు. 1978లో ‘కొండజాతి స్త్రీలు’ తపాలా బిళ్లపైకి ఎక్కింది. 2023 సెప్టెంబరులో ఆమె 1937 నాటి ‘కథకుడు’ చిత్రం వేలంలో 61.8 కోట్ల రూపాయలకు అమ్ముడై, అప్పటికి భారతీయ చిత్రాలలో అత్యధిక ధర పలికినదిగా నిలిచింది. ఆ రికార్డు 2025లో దాటబడింది.

ఈ అంకెను విని పిల్లలు ఆశ్చర్యపడితే తప్పు లేదు. కాని దానితో పాటు హైదరాబాదులో తిరిగి వచ్చిన ఆ రెండు చిత్రాలను కూడా గుర్తుంచుకోవాలి. చిత్రం మారలేదు, కాన్వాసు మారలేదు, రంగులు మారలేదు. చూసేవారి కన్ను మారింది. ఆ కన్ను మారడానికి ఎన్నో దశాబ్దాలు పట్టింది. మంచి పని చేసినవారికి మెప్పు వెంటనే రాకపోవచ్చు. మెప్పు రాలేదు గనుక పని మంచిది కాదని నిర్ణయించుకోవడం తొందరపాటు. పరీక్షలో మార్కులు తగ్గిన పిల్లవాడికి, ఎవరూ ఓటు వేయని ఆలోచన గల ఉపాధ్యాయుడికి, ఇరుగుపొరుగు వద్దంటున్నా బిడ్డను మాతృభాషా మాధ్యమంలో చేర్పించిన తల్లికి ఈ మాట సమానంగా వర్తిస్తుంది.

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు చివరిగా రెండు విన్నపాలు. పరీక్షలు దగ్గర పడగానే చిత్రలేఖనం పీరియడును లెక్కలకు ఇచ్చివేయడం అన్ని పాఠశాలలలోనూ పరిపాటి అయింది. లెక్కలు ముఖ్యమే. అయితే ఎదుట ఉన్నదాన్ని నిదానంగా చూడడం నేర్పే గంట వారానికి అదొక్కటే. గులాబీ పువ్వును పుస్తకంలో చూసి దింపడం కంటె, పెరటిలోని తులసికోటను, కూరలు అమ్మే అవ్వను, మగ్గం ముందు కూర్చున్న తాతను చూసి వంకరటింకరగా గీసిన గీత విలువైనది. ఎర్విన్ బాక్తాయ్ ఇచ్చిన ఆ ఒక్క సలహా ఒక బాలిక జీవితాన్ని ఏ దారికి మళ్లించిందో ఇంతవరకు విన్నారు. అటువంటి సలహాకు ఖర్చు లేదు, పిల్లల పనిని నిలబడి చూసే ఓపిక ఉంటే చాలు.

రెండవది భాషను గురించి. రెండు తీరాల నడుమ పెరగడం లోపమని పిల్లలకు చెప్పవద్దు. ఒక తీరాన్ని వదిలితేనే రెండవ తీరం చేరగలమనీ చెప్పవద్దు. అమృత పారిస్ విద్యను పారవేసి భారతీయురాలు కాలేదు. ఆ విద్యను చేతపట్టుకొనే అజంతా మెట్లు ఎక్కింది. ఈ పాఠశాల పిల్లలు మరాఠీని ప్రేమతో నేర్చుకోవాలి, ఇంగ్లీషును పట్టుదలతో సాధించాలి, తెలుగును ఇంటి దీపంలాగా ఆరిపోకుండా కాపాడుకోవాలి. మీరెవరని ఎవరైనా అడిగితే తమ చేతిలోని పనిని చూపగలగాలి.

డెబ్బై అయిదేళ్ల క్రితం ఈ బడికి మొదటి ఇటుక పెట్టినవారు తమ పిల్లలు రెండు చోట్లా పరాయివారు కాకూడదని కోరుకున్నారు. రెండు చోట్లా తమవారు అనిపించుకునే బిడ్డలు ఈ ప్రాంగణం నుండి ఇకముందు కూడా బయలుదేరాలని, వారిలో కొందరి చేతుల్లో కుంచెలు కూడా ఉండాలని ఆకాంక్ష.